రక్షణ ఇవ్వని పోలీసును ప్రశ్నించే సెక్షన్ ఏది? పార్లమెంటు సభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పార్లమెంటు సభ్యులకు,

నమస్కారం. నేను మేజిస్ట్రేట్ కోర్టుల్లో గృహహింస కేసులు వాదించే న్యాయవాదిని. మీ సభలు 2005లో ఆమోదించి, 2006 అక్టోబరు 26 నుంచి అమలులోకి వచ్చిన గృహహింస చట్టాన్ని ఒకసారి తెరిచి 31వ సెక్షన్ నుంచి 34 దాకా చదవమని అడగడానికే ఈ ఉత్తరం. పది నిమిషాల పని.

కోర్టు ఇచ్చిన రక్షణ ఉత్తర్వును భర్త గానీ ప్రతివాదుల్లో ఇంకెవరు గానీ మీరితే ఏడాది దాకా జైలు, 20 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇది 31వ సెక్షన్. అదే ఉత్తర్వులో మేజిస్ట్రేటు అప్పగించిన పనిని ప్రొటెక్షన్ ఆఫీసర్, అంటే ఈ చట్టం కింద బాధితులకు సాయపడడానికి ప్రభుత్వం నియమించే అధికారి, సరైన కారణం లేకుండా చేయకపోతే ఆ అధికారికీ అదే శిక్ష. ఇది 33. మరి పోలీసు చేయకపోతే? చట్టమంతా వెతికినా జవాబు దొరకదు.

పోలీసుకు బాధ్యతలు లేవా అంటే ఉన్నాయి. ఫిర్యాదు అందిన వెంటనే బాధితురాలికి ఏయే హక్కులున్నాయో, ఉచిత న్యాయసహాయం ఎక్కడ దొరుకుతుందో, ప్రొటెక్షన్ ఆఫీసర్ ఎవరో చెప్పి తీరాలని 5వ సెక్షన్ అంటోంది. ఉత్తర్వు ప్రతిని స్టేషన్ అధికారికి కూడా పంపాలని 24 అంటోంది. ఆ ఉత్తర్వును మీరడం వారంటు లేకుండా అరెస్టు చేయదగ్గ నేరమని, బెయిలు హక్కుగా రాదని 32 అంటోంది. అన్నీ ఉన్నాయి. చేయకపోతే ఏమవుతుందో మాత్రం లేదు.

ప్రొటెక్షన్ ఆఫీసర్ పరిస్థితి మీకు తెలియంది కాదు. చాలా జిల్లాల్లో ఆ పని వేరే ఉద్యోగం చేస్తున్న అధికారికి అదనపు బాధ్యత. బండి ఉండదు, సిబ్బంది ఉండరు, రాత్రి పదకొండింటికి ఫోన్ వస్తే పంపడానికి మనిషి ఉండడు. జైలు భయం ఆ మనిషికి పెట్టారు. బండీ, లాఠీ, తాళాలూ ఉన్న స్టేషన్‌ను వదిలేశారు. పైగా ఆ ఆఫీసరును ప్రాసిక్యూట్ చేయాలన్నా 34వ సెక్షన్ కింద ప్రభుత్వ అనుమతి కావాలి. అది వేరే కథ.

ఇక స్టేషన్‌లో జరిగేది చెబుతాను. పిటిషన్ తీసుకుంటారు, ఒక్కోసారి రసీదు ఇస్తారు, ఎక్కువసార్లు ఇవ్వరు. కేసు కట్టమంటే "ముందు కౌన్సెలింగ్ చేద్దాం అమ్మా" అంటారు. రెండు మూడు సిట్టింగులు నడుస్తాయి. ఈ చట్టం కింద కౌన్సెలింగుకు పంపే అధికారం 14వ సెక్షన్ మేజిస్ట్రేటుకు ఇచ్చింది. పోలీసుకు ఇవ్వలేదు. అయినా స్టేషన్‌లో అదే మొదటి మందు, చాలాసార్లు ఆఖరి మందు కూడా.

ఆ సిట్టింగుల చివర పుట్టే కాగితం మీలో చాలామంది చూసి ఉండరు. మామూలు తెల్ల కాగితం. "గౌరవనీయులైన ఎస్ఐ గారికి" అని మొదలవుతుంది. స్టేషన్‌లో రాతపని చూసే రైటర్ చెబుతుంటే భర్త రాస్తాడు: ఇకమీదట నా భార్యను కొట్టను, తిట్టను, తాగి ఇంటికి రాను, పెద్దల సమక్షంలో ఒప్పుకుంటున్నాను. కింద ఆమె పేరుతో ఇంకో వాక్యం: నా పిటిషన్ మీద ప్రస్తుతానికి ఎలాంటి చర్య అక్కర్లేదు. రెండు సంతకాలు, లేదంటే ఒక సంతకం, ఒక వేలిముద్ర. సాక్షులుగా ఇద్దరు పెద్దమనుషులు. నకలు ఆమెకు ఇవ్వరు. అడిగితే "నీకెందుకమ్మా, మా దగ్గర భద్రంగా ఉంటుంది" అంటారు.

భద్రంగానే ఉంటుంది. మళ్లీ దెబ్బలు తిని ఆమె వచ్చినప్పుడు బయటికి తీస్తారు. "మొన్ననే రాజీ పడ్డావు కదా, ఇప్పుడు మళ్లీ ఏంటి?" అని అడగడానికి. ఆ తర్వాత ఆమె చనిపోతే, "మా దగ్గరికి వచ్చారు, ఇద్దరూ రాజీ పడ్డారు, మేం చేయగలిగింది చేశాం" అని చెప్పుకోవడానికి.

నేను మాత్రం ఆ కాగితాన్ని వకీలు కళ్లతో చదువుతాను. భర్త మీద అది సాక్ష్యంగా నిలబడడం కష్టం, పోలీసుల ముందు ఒప్పుకోలు కోర్టులో చెల్లదు కాబట్టి. కానీ పోలీసు మీద అది గట్టి సాక్ష్యం. ఫలానా తేదీ నాటికి ఫలానా ఇంట్లో భార్యను కొడుతున్నారని స్టేషన్‌కు తెలుసు. కొట్టినవాడే తన చేత్తో రాసిచ్చాడు. దాన్ని ఫైల్లో పెట్టుకుని ఊరుకున్నారు. "మాకు తెలియదు" అనే అవకాశాన్ని ఆ కాగితం మూసేస్తుంది. ఇలాంటి కాగితం ఉన్న ప్రతి కేసులోనూ తర్వాత జరిగిన హానికి స్టేషన్ అధికారి జవాబు చెప్పాలని చట్టం అంటే, మర్నాటి నుంచే ఆ కాగితాలు రాయించడం ఆగిపోతుంది.

ఇది నా సొంత తెలివి కాదు. యూరప్ మానవ హక్కుల కోర్టు 2009 జూన్‌లో ఓపుజ్ కేసులో టర్కీని తప్పుపట్టింది. ఒక తల్లీ కూతురూ ఏళ్ల తరబడి అల్లుడి మీద ఫిర్యాదులు చేశారు, బెదిరింపులకు భయపడి కొన్నింటిని వెనక్కి తీసుకున్నారు. వెనక్కి తీసుకున్నప్పుడల్లా కేసు మూసేశారు. చివరికి 2002లో, వాళ్లు ఊరు విడిచి వెళ్లిపోతుండగా, తల్లిని అల్లుడు కాల్చి చంపాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు కాబట్టి మేమేం చేయగలం అన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు. ఎందుకు వెనక్కి తీసుకుంటున్నారో చూడాల్సింది మీరు కాదా అని అడిగింది. జీవించే హక్కు, అమానుష ప్రవర్తన నుంచి రక్షణ, వివక్ష లేకుండా ఉండే హక్కు, మూడూ ఉల్లంఘనకు గురయ్యాయని చెప్పింది.

ఆ కోర్టు కొలమానం అంతకుముందే, 1998లో బ్రిటన్ మీద వచ్చిన ఆస్మన్ కేసులో స్థిరపడింది. ఫలానా మనిషి ప్రాణానికి నిజమైన, తక్షణ ప్రమాదం ఉందని అధికారులకు తెలుసా, తెలిసి ఉండాల్సిందా? తెలిస్తే తమ అధికారాల పరిధిలో సహేతుకంగా చేయగలిగింది చేశారా? ఈ రెండే ప్రశ్నలు. 2021లో ఆస్ట్రియా మీద వచ్చిన కుర్ట్ కేసులో ఇంకో అడుగు వేసి, ఇంటి హింసలో ప్రమాదాన్ని అంచనా వేయడం పోలీసులు తమంతట తాముగా చేయాల్సిన పని అని చెప్పింది. ఆ కేసులో ఆస్ట్రియా ఓడలేదు, పోలీసులు అప్పటికి చేసింది సరిపోతుందని మెజారిటీ జడ్జీలు తేల్చారు. ఈ కొలమానంతో ప్రతి పోలీసూ దోషి అయిపోతాడని భయపడేవాళ్లకు ఈ మాట పనికొస్తుంది.

అన్ని దేశాల్లోనూ బాధితులే గెలిచారని చెప్పను. అమెరికాలో కొలరాడో రాష్ట్రం క్యాసిల్ రాక్‌లో 1999లో ఒక తల్లి, భర్త మీద కోర్టు ఉత్తర్వు చేతిలో పెట్టుకుని, అతను ముగ్గురు కూతుళ్లను తీసుకెళ్లిపోయాడని ఆ సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాటే దాకా పోలీసులను బతిమాలుతూనే ఉంది. ఇంకాసేపు చూడండి, వస్తాడేమో అన్నారు. తెల్లవారుజామున అతనే స్టేషన్ ముందుకొచ్చి కాల్పులు జరిపి చనిపోయాడు. బండిలో ముగ్గురు పిల్లల శవాలు. ఉత్తర్వు మీరినవాణ్ని అరెస్టు చేయాలని ఆ రాష్ట్ర చట్టం స్పష్టంగానే చెప్పింది. అయినా 2005లో అమెరికా సుప్రీంకోర్టు 7-2తో, ఆ అమలును కోరే రాజ్యాంగ హక్కు ఆ తల్లికి లేదంది. చట్టంలో ఆదేశం మాత్రమే రాసి, పాటించకపోతే ఏమిటో రాయకపోతే కోర్టులు ఇలాగే తేలుస్తాయి. మన 5వ సెక్షన్‌కు రేపు ఇదే గతి పట్టదని నాకు నమ్మకం లేదు. ఆ తీర్పు తర్వాత 2011లో అమెరికా ఖండాల మానవ హక్కుల కమిషన్ ఆ తల్లి వైపు నిలిచింది గానీ, దాన్ని అమలు చేయించే బలం దానికి లేదు.

అదే దేశంలో కనెక్టికట్ రాష్ట్రం టారింగ్టన్‌లో ఇంకోలా జరిగింది. 1983లో భర్త 13 సార్లు పొడిచిన స్త్రీ, తన ఫిర్యాదులను నెలల తరబడి పట్టించుకోలేదని నగర పోలీసుల మీద దావా వేసింది. పోలీసు వచ్చాక కూడా, అతని కళ్లెదుటే, భర్త ఆమె తల మీద తన్నాడు. బయటివాడు కొడితే ఒక తీరు, మొగుడు కొడితే ఇంకో తీరా, ఇది సమానత్వ హక్కుకు విరుద్ధం కాదా అన్నది ఆమె వాదన. కోర్టు ఆ వాదనను విచారణకు తీసుకుంది, 1985లో జ్యూరీ 23 లక్షల డాలర్ల పరిహారం ఇచ్చింది. మరుసటి ఏడాదే ఆ రాష్ట్రం కుటుంబ హింస మీద కొత్త చట్టం తెచ్చింది. ఉపన్యాసాలతో కదలని శాఖను డబ్బు కదిలించింది. నాకు ఇందులో తప్పేమీ కనిపించదు.

మన దగ్గరికి వస్తాను. భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1న అమల్లోకి వచ్చింది. అందులో 199వ సెక్షన్ చూడండి, పాత శిక్షాస్మృతిలో 166ఎ. కొన్ని నేరాల మీద సమాచారం ఇచ్చినా నమోదు చేయని ప్రభుత్వోద్యోగికి ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ల దాకా కఠిన కారాగారం. ఏ నేరాలో అక్కడే జాబితా ఇచ్చారు. అత్యాచారం ఉంది, యాసిడ్ దాడి ఉంది, స్త్రీని చాటుగా చూసే నేరం ఉంది, మనుషుల అక్రమ రవాణా ఉంది. భర్త, అత్తింటివారి క్రూరత్వం లేదు. అంటే పాత 498ఎ, ఇప్పటి 85వ సెక్షన్ లేదు. వరకట్న మరణం కూడా లేదు. చట్టాలన్నీ తిరగరాసినప్పుడు కూడా ఎవరికీ గుర్తు రాలేదా, గుర్తొచ్చీ వదిలేశారా?

జాతీయ నేర గణాంకాల్లో స్త్రీల మీద నేరాల కింద ఏటా ఎక్కువగా నమోదయ్యేది భర్త, అత్తింటివారి క్రూరత్వమే. 2022లో స్త్రీల మీద నమోదైన 4,45,256 కేసుల్లో 31.4 శాతం ఇవే, అంటే దాదాపు 1 లక్షా 40 వేలు. అదే ఏడాది గృహహింస చట్టం కింద దేశం మొత్తం మీద నమోదైన నేరాలు 500 కూడా దాటలేదు. ఉత్తర్వు మీరిన భర్తలు దేశంలో 500 మంది కూడా లేరని నమ్మాలా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం హింస అనుభవించిన స్త్రీలలో సాయం కోరినవారు 14 శాతమే. 77 శాతం మంది ఎవరితోనూ చెప్పుకోలేదు. స్టేషన్ మెట్లెక్కిన మనిషి అంతమందిని దాటుకుని వచ్చిందని ఎస్ఐ గారికి ఎవరైనా చెబితే బాగుండు.

పోలీసుకు శిక్ష పెడితే వ్యవస్థ కూలిపోతుందని వాదించే వారికి మన చట్టాలే జవాబు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 4వ సెక్షన్‌లో, ఆ వర్గాలకు చెందని ప్రభుత్వోద్యోగి కావాలని విధి నిర్లక్ష్యం చేస్తే ఆరు నెలల నుంచి ఏడాది జైలు. 2015 సవరణలో ఆ విధులేమిటో విడమరిచి రాశారు: ఫిర్యాదు నమోదు చేయడం, చదివి వినిపించడం, నకలు ఇవ్వడం. కేసు పెట్టే ముందు శాఖాపరమైన విచారణ సిఫారసు ఉండాలనే జాగ్రత్త కూడా అందులోనే ఉంది. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 21వ సెక్షన్‌లోనూ నేరాన్ని నమోదు చేయకపోవడం శిక్షార్హమే. ఈ రెండు చట్టాలూ నడుస్తూనే ఉన్నాయి, స్టేషన్లూ నడుస్తూనే ఉన్నాయి.

సుప్రీంకోర్టు ఉందిగా అంటారు. ఉంది. 2013 నవంబరులో లలితా కుమారి తీర్పు, వారంటు లేకుండా అరెస్టు చేయదగ్గ (కాగ్నిజబుల్) నేరమైతే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని, కట్టని అధికారి మీద చర్య తీసుకోవాలని చెప్పింది. కానీ భార్యాభర్తల తగాదాల్లో ముందు ప్రాథమిక విచారణ చేయవచ్చని ఒక వెసులుబాటు ఇచ్చింది. ఆ కిటికీలోంచే కౌన్సెలింగ్ అంతా లోపలికి వచ్చింది. మరుసటి ఏడాది ఆర్నేష్ కుమార్ తీర్పులో, 498ఎ కింద ఎడాపెడా అరెస్టు చేస్తే శాఖాపరమైన చర్యతో పాటు కోర్టు ధిక్కారం కూడా ఉంటుందని పోలీసులను హెచ్చరించింది. అనవసర అరెస్టు తప్పే, ఆ తీర్పు మీద నాకు పేచీ లేదు. కానీ ఇప్పుడు ఒక ఎస్ఐ కుర్చీలో కూర్చుని లెక్క వేసుకోండి. తొందరపడి అరెస్టు చేస్తే ధిక్కారం. ఏమీ చేయకుండా కూర్చుంటే మహా అయితే మెమో. ఏది సుఖమో చెప్పాలా?

దుర్వినియోగం మాట ఎలాగూ వస్తుంది కాబట్టి ముందే చెబుతున్నాను. నేను అరెస్టులు అడగడం లేదు. పిటిషన్‌కు రసీదు, స్టేషన్ రోజువారీ డైరీ (జీడీ)లో ఎంట్రీ, ఆ రోజే ప్రమాదం అంచనా, ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు సమాచారం, కోర్టు ఉత్తర్వు మీరారంటే కేసు. వీటిలో ఏ ఒక్కటీ అమాయకుణ్ని జైల్లో వేయదు. ప్రమాదం అంచనా అంటే బ్రహ్మవిద్య కాదు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో నర్సింగ్ పరిశోధకురాలు జాక్వెలిన్ క్యాంప్‌బెల్ తయారుచేసిన ప్రశ్నావళిలో ఉన్నవి 20 ప్రశ్నలు. ఎప్పుడైనా గొంతు నులిమాడా? చంపుతానన్నాడా? గర్భంతో ఉన్నప్పుడు కొట్టాడా? ఇంట్లోంచి వచ్చేశాక వెంటపడుతున్నాడా? గొంతు నులిమాడన్న మాట వినగానే అప్రమత్తం కావాలని ఏ స్టేషన్‌లో నేర్పుతున్నారు? ఒంటి మీద దెబ్బలు కనిపించడం లేదు కదా అని పంపేస్తారు. గొంతు నులిమితే చాలాసార్లు పైకి ఏ గుర్తూ కనిపించదు.

ఇంకో అభ్యంతరం నిజాయితీ గలది: సిబ్బంది లేరు, ఒక ఎస్ఐ మీద వంద పనులు. ఒప్పుకుంటాను. అందుకే బాధ్యతను కానిస్టేబుల్ నెత్తిన రుద్దవద్దు. స్టేషన్ అధికారి దగ్గర మొదలై, నెలవారీ సమీక్షలో ఆ పిటిషన్లు అడగని పై అధికారి దాకా పోవాలి. పరిహారం ప్రభుత్వమే కట్టాలి, తర్వాత ఎవరి దగ్గర వసూలు చేసుకుంటుందో దాని ఇష్టం. బ్రిటన్‌లో కార్డిఫ్ మహిళ కేసు చూడండి. 2009 ఆగస్టులో తెల్లవారుజామున 2.29కి ఆమె చేసిన అత్యవసర ఫోన్ సెల్ టవర్ కారణంగా పక్క ప్రాంతం పోలీసులకు వెళ్లింది. వాళ్లు తక్షణం వెళ్లాల్సినదిగా గుర్తించి అసలు పోలీసులకు అందించారు, కానీ మాజీ సహచరుడు చంపుతానన్నాడన్న ముక్క ఆ అందించడంలో జారిపోయింది. అవతలివాళ్లు గంటలోపు వెళ్తే చాలన్న వరసలో పెట్టారు. 2.43కి ఆమె మళ్లీ చేసింది, వినిపించింది అరుపే. పోలీసులు వెళ్లేసరికి ఆమె హత్యకు గురైంది. ఇక్కడ ఏ ఒక్క మనిషినో పట్టుకుంటే న్యాయం జరగదు, రెండు కంట్రోల్ రూముల మధ్య ఉన్న లోపానికి శాఖే జవాబు చెప్పాలి. 2015లో అక్కడి సుప్రీంకోర్టు నిర్లక్ష్యం కింద నష్టపరిహారం దావాను 5-2తో కొట్టేసినా, జీవించే హక్కు కింద దావాను సాగనిచ్చింది.

మనకూ ఆ దారి ఉంది, సగం వేసి వదిలేశారు. 1965లో కస్తూరి లాల్ కేసులో, పోలీసులు స్వాధీనం చేసుకున్న బంగారాన్ని హెడ్ కానిస్టేబుల్ కాజేసి పాకిస్తాన్ పారిపోతే, అది రాజ్యాధికారంతో చేసే పని (సార్వభౌమ విధి) కాబట్టి సర్కారు పరిహారం కట్టక్కర్లేదంది సుప్రీంకోర్టు. 1993లో నీలబతి బెహరా కేసులో జీవించే హక్కుకు భంగం కలిగితే ఆ వాదన చెల్లదని చెప్పి, కస్టడీలో కొడుకును పోగొట్టుకున్న తల్లికి లక్షన్నర ఇప్పించింది. మన కోయిలకుంట్ల సబ్‌జైలు కేసు ఇంకా దగ్గరిది. తమ ప్రాణాలకు ముప్పుందని ముందే చెప్పుకున్న ఖైదీల మీద 1977లో బాంబులు పడ్డాయి, తండ్రి చనిపోయాడు, కొడుకు బతికి దావా వేశాడు. కాపలా పెంచలేదు కాబట్టి ప్రభుత్వమే బాధ్యురాలని 2000లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది.

ఖైదీ సర్కారు చేతిలో ఉన్నాడు, ఆ బాధ్యత వేరు అంటారు. సరే. కానీ మేజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు ఇచ్చి, దాని ప్రతి స్టేషన్‌కు చేరాక, ఆమె ప్రాణం ఎవరి చేతిలో ఉన్నట్టు? ఆ ఉత్తర్వును నమ్ముకునే కదా ఆమె ఆ ఇంట్లోనే ఉండిపోయింది?

నేను కోరుతున్నవి ఇవి. గృహహింస చట్టం 33వ సెక్షన్‌లో ప్రొటెక్షన్ ఆఫీసర్ పక్కన పోలీసు అధికారిని చేర్చండి, ఎస్సీ, ఎస్టీ చట్టంలోలాగే విధులను పేరుపేరునా రాయండి, విచారణ సిఫారసు అనే జాగ్రత్త కూడా ఉంచండి. న్యాయ సంహిత 199 జాబితాలో 80 (వరకట్న మరణం), 85 (భర్త, అత్తింటివారి క్రూరత్వం) సెక్షన్లు చేర్చండి. తెలిసీ రక్షించనప్పుడు ప్రభుత్వం పరిహారం కట్టాలని ఒక నిబంధన పెట్టండి, బాధితుల పిల్లలు రిట్ పిటిషన్లు వేసుకుంటూ పెద్ద కోర్టుల చుట్టూ తిరగకుండా. స్టేషన్‌లో రాజీ కాగితం రాయిస్తే నకలు ఆమెకు, ఇంకో నకలు అదే రోజు ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు వెళ్లాలని చెప్పండి.

సవరణకు టైం పడుతుందని తెలుసు. ఈలోగా వచ్చే సమావేశాల్లో హోం మంత్రిని ఒక ప్రశ్న అడగొచ్చు, దానికి ఏ సవరణా అక్కర్లేదు. గత అయిదేళ్లలో 24వ సెక్షన్ కింద స్టేషన్లకు చేరిన ఉత్తర్వులు ఎన్ని, వాటిలో ఉల్లంఘన ఫిర్యాదులు ఎన్ని, 31 కింద కట్టిన కేసులు ఎన్ని, కట్టని అధికారుల్లో ఎందరి మీద చర్య తీసుకున్నారు? రాష్ట్రాలవారీగా లెక్క ఇవ్వమనండి. సమాచారం సేకరిస్తున్నాం అన్న జవాబు వస్తే, మరుసటి సమావేశంలో అదే ప్రశ్న మళ్లీ వేయండి.

ఇట్లు,
గృహహింస కేసులు వాదించే ఒక న్యాయవాది